ఎవరి జేబూ ఖాళీ కాదట!

షికాగో శివార్లలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళలో ఆస్తి పన్ను బిల్లు చూసి ఉసూరుమనని వాళ్ళుండరు. నేపర్‌విల్ అయినా, అరోరా అయినా, షాంబర్గ్ అయినా ఇదే తంతు. అదే మనుషులు టిఫ్ మాట వచ్చేసరికి ఎక్కడలేని ఉదారత చూపిస్తారు. "అది మన పన్ను కాదండీ, కొత్తగా లేచిన బిల్డింగుల మీద వచ్చే పన్ను. ఆ బిల్డింగులే లేకపోతే ఆ పన్నెక్కడిది? దాన్ని తీసి అక్కడే ఖర్చుపెడితే మనకేం పోయింది?" అంటారు. ఇది మనవాళ్ళు కనిపెట్టిన వాదనేమీ కాదు. అమెరికాలో మేయర్లు, బిల్డర్లు, వాళ్ళ లాయర్లు, కన్సల్టెంట్లు నలభై ఏళ్ళకు పైగా వల్లిస్తున్న పాఠమే. పన్ను రేటు పెంచరు, బడ్జెట్ ముట్టుకోరు, పాడుబడ్డ పేట బాగుపడుతుంది, ఎవరి జేబూ ఖాళీ కాదు. ఇంత కమ్మటి మాటను కాదనడానికి ఎవరికి మాత్రం మనసొప్పుతుంది?

కాదనక తప్పదు. టిఫ్, అంటే ట్యాక్స్ ఇంక్రిమెంట్ ఫైనాన్సింగ్, ఎక్కడినుంచో ఊడిపడే సొమ్ము కాదు. ఊరందరూ కట్టే పన్నులోంచే అది వస్తుంది. బడ్జెట్ చర్చకు దొరకకుండా, ఏళ్ళ తరబడి ఒక ఖాతాలోకి మళ్ళుతుంది.

ముందు ఆ ఏర్పాటు సంగతి చూద్దాం. నగరంలో ఒక పేట చుట్టూ గీత గీస్తారు. ఆ రోజుకు ఆ గీత లోపలి ఇళ్ళు, దుకాణాలు, ఫ్యాక్టరీల పన్ను విలువ ఎంతుందో రాసుకుని అక్కడికి ఆపేస్తారు. ఇలినాయి చట్టం 1977 నాటిది. దాని ప్రకారం ఆ అంకె 23 ఏళ్ళు కదలదు. రాష్ట్ర శాసనసభ ఒప్పుకుంటే 35 ఏళ్ళ దాకా లాగవచ్చు. ఈలోగా ఆస్తుల విలువ పెరిగితే, పెరిగిన ముక్క మీద వచ్చే పన్ను బడులకు వెళ్ళదు, పార్కులకు వెళ్ళదు, కౌంటీకి వెళ్ళదు. అంతా ప్రత్యేక ఖాతాలో పడుతుంది. ఖాతా తాళం సిటీ దగ్గర ఉంటుంది. షికాగోలో ఆస్తి పన్నులో సగానికి పైగా బడుల వాటా, సిటీది నాలుగో వంతుకు అటూఇటూ. అంటే సిటీ తన పావలా వాటాతోపాటు మిగతా వాళ్ళ ముప్పావలా మీద కూడా పెత్తనం చేస్తుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే. అత్తగారి తరఫు వాళ్ళు కూర్చుని మాట్లాడటానికి జాయింట్ రివ్యూ బోర్డు అని ఒకటుంది. బడి జిల్లా, పార్క్ జిల్లా, కౌంటీల ప్రతినిధులు అందులో ఉంటారు. వాళ్ళు వద్దన్నా సిటీ కౌన్సిల్ అయిదింట మూడు వంతుల ఓట్లతో కానిచ్చేయవచ్చు. షికాగో కౌన్సిల్లో మేయర్ కోరుకున్నదానికి అన్ని ఓట్లు దొరకడం చాలాకాలం పాటు పెద్ద విశేషమేమీ కాదు.

షికాగోలో మొదటి టిఫ్ 1984లో డౌన్‌టౌన్ నడిబొడ్డున వచ్చింది. ఇప్పుడు వందకు పైగా ఉన్నాయి. ఇటీవలి ఏళ్ళలో వాటిలో ఏటా పడుతున్నది 100 కోట్ల డాలర్లకు పైమాటే. ఒక పెద్ద నగరం తన బడ్జెట్ పక్కనే ఇంకో బడ్జెట్ నడుపుకుంటున్నట్టు లెక్క. షికాగో రీడర్ అనే వారపత్రికలో బెన్ జొరావ్‌స్కీ ఏళ్ళ తరబడి దీని మీద రాసి రాసి జనానికి ఆ పేరైనా తెలిసేలా చేశాడు. అంతకుముందు పన్ను బిల్లు మీద కూడా అది కనబడేది కాదు. మీరు కట్టే డబ్బులో ఎంత టిఫ్‌కు పోతోందో ఆ కాగితంలో ఉండేది కాదు. అంతా బడులకూ పార్కులకూ పోతున్నట్టే ఉండేది.

ఇప్పుడు "మన జేబులోంచి పోదు" అన్న మాటను లెక్కలో పెడదాం. ఇలినాయిలో ఆస్తి పన్ను రేటు ముందే నిర్ణయించి వసూలు చేయరు. బడి జిల్లా, పార్క్ జిల్లా వగైరా "మాకు ఈ ఏడాది ఇంత కావాలి" అంటాయి. ఆ మొత్తాన్ని ఊళ్ళోని ఆస్తుల పన్ను విలువతో భాగిస్తే రేటు తేలుతుంది. లెక్క సులువుగా ఉండటానికి ఒక ఊళ్ళో ఆస్తుల విలువ 100 కోట్ల డాలర్లనుకోండి. అందులో 20 కోట్ల విలువైన పేటను టిఫ్ చేశారు. కొన్నేళ్ళకు ఆ పేట విలువ 40 కోట్లయింది, మిగతా ఊరు ఉన్నచోటే ఉంది. అన్ని సంస్థలకూ కలిపి కావలసింది 6 కోట్లు. టిఫ్ లేకపోతే 6 కోట్లను 120 కోట్ల మీద పంచుతారు; రేటు 5 శాతం. టిఫ్ ఉంటే పెరిగిన 20 కోట్లు లెక్కలోకి రావు. అదే 6 కోట్లను 100 కోట్ల మీద పంచాలి. రేటు 6 శాతం. లక్ష డాలర్ల పన్ను విలువ ఉన్న ఇంటాయన 5,000 కట్టాల్సిన చోట 6,000 కడతాడు. టిఫ్ ఖాతాలో చేరే కోటీ 20 లక్షల్లో కోటి డాలర్ల భారం ఇలాంటి పాత ఆస్తుల వాళ్ళదే. ఎవరూ రేటు పెంచమని ఓటు వేయలేదు. ఎవరూ పెంచామని ప్రకటించలేదు. రేటు తనంతట తానే పెరిగింది.

ఇక్కడ టిఫ్‌ను తిట్టేవాళ్ళ మాటనూ సరిదిద్దాలి. "బడుల నుంచి ఇన్ని కోట్లు దోచేశారు" అంటుంటారు. ఆ నినాదం పూర్తిగా నిజం కాదు. పై లెక్కలో బడి అడిగినంతా బడికి అందింది. దెబ్బ తిన్నది ఇంటాయన. కాకపోతే షికాగో బడి జిల్లాకు ఇంకో బంధనం ఉంది. ధరల పెరుగుదల, లేదా 5 శాతం, రెండింటిలో ఏది తక్కువైతే అంతకు మించి అది తన వసూలును పెంచుకోకూడదని రాష్ట్ర చట్టం. కొత్త కట్టడాలు వస్తే వాటి మేరకు కొంచెం ఎక్కువ అడగవచ్చు. ఆ కట్టడం టిఫ్ గీత లోపల ఉంటే మాత్రం టిఫ్ ముగిసేదాకా ఆ వెసులుబాటు లేదు. గీత లోపల అపార్ట్‌మెంట్లు లేచి, కాపురాలొచ్చి, పిల్లలు బడికొస్తే వాళ్ళకు పాఠం చెప్పే ఖర్చు గీత బయటి వాళ్ళ మీద పడుతుంది. కొంత ఇంటివాళ్ళు మోస్తారు, కొంత బడి మోస్తుంది.

ఈ లెక్కకు టిఫ్ సమర్థకుల దగ్గర ఒక జవాబుంది, అది తేలిగ్గా తీసేయదగినదీ కాదు. "ఆ పేట విలువ 40 కోట్లయింది టిఫ్ వల్లే. టిఫ్ లేకపోతే 20 దగ్గరే ఉండేది. అప్పుడూ మీ రేటు 6 శాతమే" అంటారు. నిజమే. టిఫ్ లేకపోతే ఏమీ జరిగేది కాదు అన్నది నిజమైతే నా లెక్క కూలిపోతుంది. కాబట్టి గొడవంతా ఆ ఒక్క వాక్యం మీదే. చట్టం కూడా అదే అడుగుతుంది: ప్రభుత్వ సాయం లేనిదే ఈ ప్రాంతం అభివృద్ధి అయ్యేది కాదని తేల్చి చెప్పాలి. తేల్చేది ఎవరు? సిటీయో బిల్డరో డబ్బిచ్చి పెట్టుకున్న కన్సల్టెంటు. టిఫ్ వస్తేనే లాభం ఉన్నవాళ్ళు నియమించిన మనిషి, టిఫ్ అక్కర్లేదని రాసిన నివేదిక ఎప్పుడైనా చూశారా?

పాడుబడిన ప్రాంతం అని తేల్చే పరీక్ష ఇంకా తమాషాగా ఉంటుంది. చట్టంలో 13 లక్షణాలున్నాయి: శిథిలావస్థ, కిక్కిరిసిన కట్టడాలు, పాత డ్రైనేజీ, ప్రణాళిక లేకపోవడం వగైరా. కట్టడాలున్న ప్రాంతం పాడుబడిందనడానికి అందులో అయిదు చాలు. లేదా సగం కట్టడాలకు 35 ఏళ్ళు దాటి ఉండి, ఇంకో మూడు లక్షణాలుంటే పాడుబడబోతున్న ప్రాంతం కింద లెక్క. షికాగో లాంటి పాత నగరంలో 35 ఏళ్ళు దాటని వీధి వెతుక్కోవాలి.

ఆ పరీక్ష ఎక్కడిదాకా వెళ్ళిందో చూడండి. 2006లో లసాల్ వీధి చుట్టూ టిఫ్ గీత గీశారు. లసాల్ వీధి అంటే షికాగోకు డబ్బు వీధి. బ్యాంకులు, బోర్డ్ ఆఫ్ ట్రేడ్, ఆకాశహర్మ్యాలు. అక్కడ టిఫ్ సాయం అందుకోబోయిన వాళ్ళలో సీఎంఈ గ్రూప్ ఒకటి. ప్రపంచంలోకెల్లా పెద్ద ఫ్యూచర్స్ మార్కెట్ నడిపే కంపెనీ. వాళ్ళ భవనం మరమ్మతులకు ఒకటిన్నర కోటి డాలర్లు ఇస్తామంది సిటీ. ఆ మరమ్మతుల జాబితాలో బాత్‌రూములు కూడా ఉన్నాయని తెలిసి ఆందోళనకారులు బంగారు రంగు టాయిలెట్ ఒకటి మోసుకొచ్చి నిరసన చేశారు. 2012లో కంపెనీ ఆ డబ్బు వదులుకుంది. భవనం కూలలేదు, కంపెనీ దివాలా తీయలేదు, వ్యాపారం ఒక్క రోజు ఆగలేదు. టిఫ్ లేకపోతే జరిగేది కాదు అన్న వాక్యానికి ఇంతకంటే తేటగా పరీక్ష పెట్టడం ఏ ఆర్థికవేత్త తరమూ కాదు.

ఆర్థికవేత్తలూ పెట్టారు. రిచర్డ్ డై, డేవిడ్ మెరిమన్ ఇలినాయి పట్టణాలను పోల్చి 2000లో అచ్చేసిన పత్రంలో, టిఫ్ పెట్టుకున్న పట్టణాల విలువ పెట్టుకోని వాటికంటే నెమ్మదిగా పెరిగిందని తేల్చారు. ఒక పేటకు ఎర వేస్తే పక్కన రావాల్సిన కట్టడం కూడా అక్కడికే పోతుందన్నది దానికి ఒక వివరణ. 2014లో విలియం లెస్టర్ ప్రత్యేకంగా షికాగోనే తీసుకుని, టిఫ్ ప్రాంతాల్లో ఉద్యోగాలుగానీ వ్యాపారాలుగానీ మిగతా చోట్లకన్నా పెరిగిన దాఖలా లేదన్నాడు. మెరిమన్ మళ్ళీ 2018లో అప్పటిదాకా వచ్చిన 30కి పైగా అధ్యయనాలను ముందేసుకుని చూశాడు. ఎక్కువ వాటిలో టిఫ్ తాను చెప్పిన పని చేసినట్టు కనబడలేదు. ఆయన టిఫ్ శత్రువు కాదు. ఆ నివేదిక పేరులోనే దాన్ని మెరుగుపరచడం గురించి ఉంది.

మార్కెట్ సంగతి వదిలేసినా, ధరల పెరుగుదల అని ఒకటుంది. దీని గురించి ఎవరూ మాట్లాడకపోవడం నాకు వింతగా ఉంటుంది. టిఫ్ ప్రాంతపు మూల విలువను డాలర్లలో ఆపేస్తారు. ధరలకు తగ్గట్టు సవరించరు. ఏడాదికి 3 శాతం చొప్పున ధరలు పెరిగితే 23 ఏళ్ళకు ఏ వస్తువైనా దాదాపు రెట్టింపవుతుంది. అంటే ఆ పేటలో ఒక్క ఇటుక కూడా పెట్టకపోయినా, చివరి ఏడాదికి అక్కడి పన్నులో ఇంచుమించు సగం పెరుగుదల పేరుతో టిఫ్ ఖాతాకు పోతుంది. బడిలో టీచర్ జీతం, బస్సులో డీజిల్ మాత్రం ఆ 3 శాతాన్ని ఏటా అనుభవిస్తూనే ఉంటాయి. ఈ ముక్కను ఏ బిల్డరూ సృష్టించలేదు. దీన్ని అభివృద్ధి ఫలం అనడానికి చాలా ధైర్యం కావాలి.

డౌన్‌టౌన్‌లో మొదటి టిఫ్ వచ్చిన ప్రాంతంలోనే బ్లాక్ 37 అని ఒక చతురస్రం ఉంది, స్టేట్ వీధి మీద, సిటీ హాలుకు కూతవేటు దూరంలో. పాడుబడిందని 1989లో నేలమట్టం చేశారు. ఆ తర్వాత దాదాపు రెండు దశాబ్దాలు అది ఖాళీ స్థలం. చలికాలం స్కేటింగు, వేసవిలో పిల్లల చిత్రకళా శిబిరం; ఆ శిబిరానికి గ్యాలరీ 37 అన్న పేరు అక్కడినుంచే వచ్చింది. చివరికి 2009లో మాల్ తెరిచారు. దానికింద రెండు విమానాశ్రయాలకూ ఎక్స్‌ప్రెస్ రైళ్ళు నడుపుతామని స్టేషన్ తవ్వారు. 20 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టాక 2008లో పని ఆపేశారు. అందులో టిఫ్ సొమ్మూ ఉంది. పైన షాపింగు చేసేవాళ్ళకు తమ కాళ్ళ కింద అంత గుహ ఉందని తెలియనే తెలియదు. ఇదే పని సిటీ బడ్జెట్లోంచి చేసి ఉంటే ఏటా ఎవరో ఒక ఆల్డర్మన్ (కౌన్సిల్ సభ్యుడు) లేచి "ఆ గుహ సంగతేమిటి?" అనేవాడు. టిఫ్‌లో ఆ ప్రశ్నకు చోటే లేదు.

ఇంకా పెద్దది లింకన్ యార్డ్స్. నగరం ఉత్తర భాగంలో, నది ఒడ్డున, ఒకప్పటి ఉక్కు ఫ్యాక్టరీ నేల. పక్కనే లింకన్ పార్క్, ఆ నగరంలో ఖరీదైన పేటల్లో ఒకటి. 2019 ఏప్రిల్లో, రామ్ ఇమాన్యుయెల్ మేయర్‌గా దిగిపోవడానికి కొద్దివారాల ముందు, ఈ ప్రాజెక్టుకు 130 కోట్ల డాలర్ల దాకా, డౌన్‌టౌన్‌కు దక్షిణాన 'ద 78' అనే ఇంకో ప్రాజెక్టుకు 110 కోట్ల దాకా టిఫ్ ఇవ్వడానికి కౌన్సిల్ ఒప్పుకుంది. ఆ డబ్బు రోడ్లకు, వంతెనలకే పోతుందని, బిల్డర్ ముందు ఖర్చుపెట్టి తర్వాత తీసుకుంటాడని సమర్థకులు అన్నారు, అదీ నిజమే. కానీ లింకన్ పార్క్ పక్కన, నది ఒడ్డున నేల అమ్ముడుపోదని నమ్మమనడం మన తెలివిని అవమానించడం. తర్వాత ఏమైంది? లేబొరేటరీల కోసమని ఒక్క భవనం లేచింది, అద్దెకు వచ్చేవాళ్ళు దొరకలేదు. వడ్డీ రేట్లు పెరిగాయి. 2025లో బిల్డర్ చేతిలోని ఉత్తర భాగం అప్పిచ్చిన బ్యాంకుకు పోయింది. "కట్టలేదు కాబట్టి టిఫ్ డబ్బూ పోలేదు, చూశారా ఎంత భద్రమో" అనేవాళ్ళున్నారు. నాకు కనబడేది వేరు. 130 కోట్ల హామీ ఉండి కూడా కట్టలేదంటే, కట్టడమా మానడమా అన్నది నిర్ణయించింది వడ్డీలు, గిరాకీ. టిఫ్ కాదు.

నగరం దక్షిణ భాగంలో ఇంగిల్‌వుడ్ పేట కథ ఇంకోలా ఉంటుంది. నల్లజాతివాళ్ళు ఉండే పేద పేట. అక్కడ 63వ వీధి, హాల్‌స్టెడ్ కూడలిలో దుకాణాల సముదాయానికి కోటీ 7 లక్షల డాలర్ల టిఫ్ ఇచ్చారు. 2016లో హోల్ ఫుడ్స్ అక్కడ సూపర్‌మార్కెట్ తెరిచింది, 2022 నవంబరులో మూసేసి వెళ్ళిపోయింది. మరీ అన్యాయంగా మాట్లాడకూడదు. టిఫ్‌ను సమర్థించడానికి తగ్గ చోటంటూ ఉంటే అది ఇలాంటిదే. కానీ టిఫ్ నిర్మాణంలోనే ఒక వంకర ఉంది. డబ్బు విలువ పెరిగిన చోట పోగవుతుంది. విలువ పెరిగేది డౌన్‌టౌన్‌లో, కాసులున్న వాళ్ళు చేరుతున్న పేటల్లో. 2008 తర్వాత ధరలు పడిపోయిన దక్షిణ, పడమటి పేటల టిఫ్ ఖాతాలు కొన్ని ఎండిపోయాయి. అవసరం ఉన్నచోట డబ్బు లేదు, డబ్బు ఉన్నచోట అవసరం లేదు. పక్కపక్కనే ఉన్న టిఫ్‌ల మధ్య డబ్బు అటూ ఇటూ మార్చుకోవచ్చు కానీ, డౌన్‌టౌన్ నుంచి ఇంగిల్‌వుడ్ దాకా గీతలు కలిపేదెవరు?

మనవాళ్ళకు తెలిసిన ఉదాహరణ కావాలంటే డెవాన్ అవెన్యూ. కూరగాయలకూ, చీరలకూ, పెళ్ళిళ్ళ షాపింగుకూ ఇప్పటికీ అక్కడికే వెళతాం కదా. డెవాన్, వెస్టర్న్ పేరుతో అక్కడా ఒక టిఫ్ వచ్చింది. చిన్న వీధుల్లో కాలిబాటలు, దీపాలు బాగుచేయడంలో నాకేం అభ్యంతరం లేదు. అభ్యంతరమల్లా వాటిని చూపించి లసాల్ వీధిని వెనక దాచడం మీద.

2013 మే నెలలో షికాగో బడి బోర్డు ఒక్క దెబ్బకు 50 బడులు మూయాలని తీర్మానించింది, డబ్బు లేదని. ఎక్కువ భాగం నల్లజాతి పిల్లలు చదివేవే. అదే నెలలో మెకార్మిక్ ప్లేస్ సమావేశ కేంద్రం దగ్గర హోటలు, డిపాల్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టుకు ఎరీనా ఉన్న ప్రాజెక్టు ప్రకటించారు; అందులో టిఫ్ వాటా అయిదున్నర కోట్ల డాలర్లు. టిఫ్ డబ్బు టీచర్ల జీతాలకు వాడటానికి చట్టం ఒప్పుకోదని అప్పుడు చెప్పారు. సరే. మూడేళ్ళు తిరిగేసరికి, 2016 అక్టోబరులో టీచర్ల సమ్మె గడియారం అర్ధరాత్రి దగ్గర పడగా, టిఫ్ ఖాతాల్లోంచి మిగులు అనే పేరుతో దాదాపు 8.8 కోట్ల డాలర్లు బడులకు దొరికాయి. చట్టం మారలేదు. మిగులు ప్రకటించే దారి 2013లోనూ ఉంది. అంత దూరం నడవాలనిపించలేదు, అంతే.

ఆ తర్వాత పెద్ద మిగుళ్ళు అలవాటైపోయాయి. 2025 బడ్జెట్ కోసం మేయర్ బ్రాండన్ జాన్సన్ 57 కోట్ల డాలర్ల టిఫ్ మిగులు ప్రకటించారు, అందులో సగానికి పైగా బడుల వాటా. టిఫ్ అభిమానులు దీన్ని ఉదారతగా చెప్పుకుంటారు. నా దృష్టిలో ఇది నేరాంగీకారం లాంటిది. పేట బాగుకు అత్యవసరమని వసూలు చేసిన డబ్బులో 57 కోట్లు అక్కర్లేకుండా పోయాయంటే, మొదట అంత తీసుకోవడం దేనికి? పైగా తిరిగొచ్చే డబ్బు ఎప్పుడు, ఎంత అన్నది మేయర్ చిత్తం. మిగులులో తన వాటా కోసం బడి జిల్లా ఏటా సిటీ హాలు గుమ్మం ముందు చేయి చాచి నిలబడుతుంది.

"పక్క ఊరు ఇస్తుంది, మనం ఇవ్వకపోతే కంపెనీ అక్కడికి పోతుంది" అన్నది ఇంకో వాదన. షాంబర్గ్ పక్కన హాఫ్‌మన్ ఎస్టేట్స్‌లో ఉండే మనవాళ్ళు దీనికి జవాబు రోడ్డు మీదినుంచే చూశారు. 1989లో సియర్స్ అనే దుకాణాల కంపెనీ రాష్ట్రం దాటిపోకుండా టిఫ్‌కు తమ్ముడి లాంటి ప్రత్యేక ఆర్థిక ప్రాంతం ఇచ్చి డౌన్‌టౌన్ నుంచి అక్కడికి తెచ్చుకున్నారు. 2011లో గడువు పెంచారు. స్థానిక బడి జిల్లా 300 మా పన్ను మాకివ్వండని మొత్తుకుంది. 2018లో సియర్స్ దివాలా తీసింది. కంపెనీని నిలబెట్టడం పన్ను రాయితీ చేతిలో లేదని తేలడానికి ముప్పై ఏళ్ళు పట్టింది, ఆ ముప్పై ఏళ్ళ ఫీజు మాత్రం బడి కట్టింది.

ఒక్క వాదనను మాత్రం గౌరవించాలి. రీగన్ కాలం నుంచి నగరాలకు కేంద్ర సాయం తెగ్గోసుకుంటూ వచ్చారు; మేయర్ల చేతిలో మిగిలిన పనిముట్టు ఇదొక్కటే, దాన్నీ లాక్కుంటే ఏం చేయాలి అన్నది. దానికి షికాగోలోనే జవాబుంది. 2016లో మెట్రో లైన్ల బాగు కోసం ఇలినాయి ఒక కొత్త రకం టిఫ్ చట్టం చేసింది. అందులో బడుల వాటా ముట్టుకోకూడదు. బడికి రావలసింది బడికి వెళ్ళాకే మిగతాది. రెడ్ లైన్‌ను నగరపు దక్షిణ కొస దాకా పొడిగించడానికి 2022 డిసెంబరులో కౌన్సిల్ ఒప్పుకున్న 95 కోట్ల పైచిలుకు డాలర్లు ఈ దారిలోవే. డబ్బు డౌన్‌టౌన్ వైపు పుట్టి ఎన్నో ఏళ్ళుగా రైలు కోసం చూస్తున్న పేటలకు పోతుంది. అంటే బడి వాటా వదిలేసినా పనులవుతాయి. మరి మిగతా టిఫ్‌లన్నిటికీ ఆ నియమం ఎందుకు లేదు?

టిఫ్ లేకపోతే నగరాలు కుప్పకూలుతాయన్న భయానికి కాలిఫోర్నియా ఉంది. 1952లో టిఫ్‌ను పుట్టించింది ఆ రాష్ట్రమే. అరవై ఏళ్ళకు అక్కడ 400కు పైగా పునరభివృద్ధి సంస్థలు ఆస్తి పన్నులో 12 శాతం దాకా లాగేస్తున్నాయి. బడులకు తగ్గినదాన్ని రాష్ట్ర ఖజానా పూడ్చాల్సి వచ్చేది. చివరికి బిల్డర్ సాయం బిల్లు రాష్ట్ర రాజధాని సాక్రమెంటోకు చేరేది. గవర్నర్ జెర్రీ బ్రౌన్ వాటిని ఎత్తేశాడు. ఆయన ఓక్లాండ్ మేయర్‌గా ఉన్నప్పుడు అదే డబ్బు వాడుకున్న మనిషి, లోపలి సంగతి తెలిసినవాడు. 2011 డిసెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు సరేనంది, 2012 ఫిబ్రవరి 1న అన్నీ మూతపడ్డాయి. శాన్ ఫ్రాన్సిస్కో, శాన్ హోసే, లాస్ ఏంజెలెస్‌లో క్రేన్లు ఆగలేదు. అందుబాటు ధర ఇళ్ళకు వెళ్ళే నిధులకు గట్టి దెబ్బ తగిలిన మాట నిజం. దాన్ని వేరే దారిలో పూడ్చాల్సింది. 2014లో రాష్ట్రం టిఫ్‌ను మళ్ళీ రానిచ్చింది కానీ బడుల వాటా ముట్టకూడదని, మిగతా సంస్థల వాటా కూడా వాటి అనుమతితోనే తీసుకోవాలని షరతు పెట్టింది.

ఇదంతా మనకెందుకంటే, 2017లో ఇండియాలో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ విలువ రాబట్టుకునే విధానం అని ఒక పత్రం తెచ్చింది. అందులో నగరాలు వాడుకోదగ్గ మార్గాల్లో టిఫ్ పేరుంది. అప్పటినుంచి "ఖజానా మీద భారం పడని నగరాలు" అన్న మాట మన దగ్గరా మోగుతోంది. అమరావతిని తన ఖర్చు తానే రాబట్టుకునే ప్రాజెక్టు అని చెప్పడం మనం ఎన్నిసార్లు వినలేదు! అది టిఫ్ కాదు, భూసమీకరణ. కానీ తర్కం అదే: రేపు పెరిగే విలువే ఇవాళ్టి ఖర్చు తీరుస్తుంది. 2018లో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) 10.32 శాతం వడ్డీకి 2,000 కోట్ల రూపాయల బాండ్లు అమ్మినప్పుడు మదుపరులు ఆ రేపటిని మాత్రమే నమ్ముకోలేదు, రాష్ట్ర ప్రభుత్వ గ్యారంటీ అడిగి తీసుకున్నారు.

హైదరాబాద్‌లో టిఫ్ పెట్టాలంటే ముందు ఆస్తి పన్ను నిజమైన విలువను అందుకోవాలి. అక్కడి పన్ను ఇంకా పాత అద్దె లెక్కల మీదే నడుస్తోంది. కొండాపూర్‌లో ఫ్లాటు ధర ఎంత పెరిగినా పన్ను అంతగా కదలదు. ఆంధ్రప్రదేశ్ 2021 నుంచి ఆస్తి మూలధన విలువ లెక్కకు మారింది కాబట్టి అక్కడ ఆ ఆలోచన తొందరగా రావచ్చు. మన దగ్గర బడికి వేరే జిల్లా, పార్కుకు వేరే జిల్లా లేవు. ఆస్తి పన్ను దాదాపు అంతా ఒకే కార్పొరేషన్‌ది. గచ్చిబౌలి చుట్టూ గీత గీస్తే కోత పడేది అదే కార్పొరేషన్‌లోని మిగతా పేటల నాలాలకు, వీధి దీపాలకు. జాయింట్ రివ్యూ బోర్డు లాంటి పేరుకైనా అడ్డు చెప్పే వేదిక కూడా ఉండదు. అలాంటి ముసాయిదా వచ్చిన రోజున నేను అందులో మొదట వెతికే వాక్యాలు ఇవి: మూల విలువ ధరలతోపాటు పెరుగుతుందా, గడువు ఎన్నేళ్ళు, ఏటా పోగైన డబ్బూ ఖర్చయిన డబ్బూ కార్పొరేషన్ బడ్జెట్‌లోనే పద్దు పేరుతో వచ్చి ఓటుకు నిలబడతాయా.